నీటిపై తేలే ముక్కలు – లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవిత విశేషాలు అందించడం ఆనవాయితీ. ఈసారి మేము ఎంచుకున్నది బ్రిటన్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ గారి జీవితం. టీవీలో వాతావరణ వార్తలు చూసే చాలామంది ఈ పేరు విని ఉండకపోవచ్చు గానీ, వాతావరణ శాస్త్రం చదివినవారిలో ఈ పేరు తెలియనివారు ఉండరు. రేపటి వాతావరణాన్ని లెక్కలు వేసి చెప్పవచ్చని దారి చూపినవారు ఆయన. సుడులు తిరిగే గాలిలో, నీటిలో వస్తువులు ఎలా చెదిరిపోతాయో సూత్రం కట్టినవారు ఆయన. దేశాల సరిహద్దులు కొలుస్తూ కొలుస్తూ, ఆ తర్వాత ఫ్రాక్టల్ జ్యామితి అని పేరు పొందిన కొత్త గణితానికి బీజం వేసినవారూ ఆయనే. ఇంత చేసిన మనిషి, తనకు పేరు తెచ్చిన శాస్త్రాన్నే ఒక దశలో పక్కన పెట్టేశారు. ఎందుకు పెట్టేశారో తెలుసుకోవడమే ఈ వ్యాసం ముఖ్య ఉద్దేశం.

బాల్యం – విద్యాభ్యాసం

రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11న ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో జన్మించారు. తల్లి కేథరిన్, తండ్రి డేవిడ్. తండ్రిది తోళ్లు ఊనే వ్యాపారం. ఏడుగురు సంతానంలో ఈయనే ఆఖరివాడు. వీరిది క్వేకర్ల కుటుంబం. క్వేకర్లు క్రైస్తవంలో ఒక శాఖవారు. ఏ కారణం చేతనైనా సరే మనిషి మనిషిని చంపరాదని, యుద్ధంలో ఆయుధం పట్టరాదని వారి నమ్మకం. ఈ నమ్మకమే ఆయన జీవితంలో ప్రతి మలుపునూ నిర్ణయించిందంటే అతిశయోక్తి కాదు.

ఆయన ఐదేళ్ల వయసులో జరిగిన ఒక సంగతి చెబుతారు. బ్యాంకులో వేస్తే డబ్బు పెరుగుతుందని ఇంట్లో పెద్దలు అన్నారట. ఆ పిల్లవాడు కొంత డబ్బు తీసుకెళ్లి తోటలో పాతిపెట్టి పెరుగుతుందేమోనని చూశాడట. పెరగలేదు. ఎవరు చెప్పినా స్వయంగా చేసి చూస్తే గాని నమ్మని ఈ గుణం ఆయనను చివరిదాకా విడిచిపెట్టలేదు.

పన్నెండేళ్లు దాటాక ఆయనను యార్క్ నగరంలోని బూథమ్ స్కూలులో చేర్చారు. అది క్వేకర్లు నడిపే వసతి పాఠశాల. అంటే ఆయన కూడా మనలాగే ఇంటికి దూరంగా ఉండి చదువుకున్న విద్యార్థి. ఆ తర్వాత న్యూకాజిల్‌లోని సైన్స్ కళాశాలలో, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చదివి, 1903లో ప్రకృతి శాస్త్రాల్లో మొదటి తరగతిలో ఉత్తీర్ణులయ్యారు.

ఉద్యోగాలు – లెక్కల అలవాటు

చదువు పూర్తయ్యాక వెంటనే స్థిరపడలేదు. పదేళ్లపాటు ఒక ఉద్యోగం నుంచి మరొక ఉద్యోగానికి మారుతూ వచ్చారు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలం, బల్బుల కంపెనీలో కొంతకాలం పనిచేశారు. 1906–07లో పీట్ అనే బురద ఇంధనాన్ని తవ్వే కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడిగా ఉన్నారు. ఆ బురద నేలలో నీరు బయటికి పోవాలంటే కాలువలు ఎలా తవ్వాలన్నది అక్కడి సమస్య. దానికి సంబంధించిన అవకలన సమీకరణాలు కాగితం మీద నేరుగా తేలేవి కావు. అప్పుడు ఆయన ఒక ఉపాయం పట్టారు. నేలను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక గడి నుంచి పక్క గడికి కూడికలు, తీసివేతలు, గుణకారాలతోనే లెక్క నడిపించారు. జవాబు కచ్చితంగా రాకపోయినా పనికి సరిపోయేంత దగ్గరగా వస్తుంది. బురద నేల కోసం పట్టిన ఈ ఉపాయమే తర్వాత ఆకాశానికి పనికొచ్చింది.

1909లో డొరొతీ గార్నెట్‌ను వివాహం చేసుకున్నారు. ఈ దంపతులు ముగ్గురు పిల్లలను దత్తత తీసుకొని పెంచారు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొని మునిగిపోయినప్పుడు, చీకట్లో ముందున్న మంచుకొండను ప్రతిధ్వని ద్వారా కనిపెట్టవచ్చని రిచర్డ్‌సన్‌కు తోచింది. భార్య పడవ నడుపుతుంటే తాను ఈల ఊదుతూ, తిరిగి వచ్చే శబ్దాన్ని తెరచిన గొడుగుతో పట్టి విని చూశారు. గాలిలో ఒకటి, నీటి అడుగున ఒకటి, రెండు పద్ధతులకూ ఆ ఏడాదే పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఈలా, గొడుగూ ఉంటే చాలు, ప్రయోగం ఆగదని దీన్నిబట్టి మనకు తెలుస్తుంది.

యుద్ధరంగంలో వాతావరణ లెక్క

1913లో బ్రిటన్ వాతావరణ శాఖ ఆయనను స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌ముయిర్ పరిశోధన కేంద్రానికి అధికారిగా నియమించింది. వాతావరణాన్ని భౌతిక శాస్త్ర సూత్రాలతో ముందే లెక్కించవచ్చని నార్వే శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్యర్క్‌నెస్ 1904లో ప్రతిపాదించారు. ఆ లెక్కను నిజంగా వేసి చూపే పనికి రిచర్డ్‌సన్ పూనుకున్నారు.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన ఆయుధం పట్టనన్నారు. అలాగని ఇంట్లో కూర్చోలేదు. 1916లో ఉద్యోగం వదిలి, క్వేకర్ల అంబులెన్స్ దళంలో చేరి ఫ్రాన్సుకు వెళ్లారు. 1919 దాకా ఫ్రెంచి సైన్యం వెంట గాయపడిన వారిని మోస్తూ అంబులెన్సు నడిపారు. విరామం దొరికినప్పుడు, చలిలో, గడ్డిమోపుల మీద కాగితాలు పరుచుకొని లెక్కలు వేసేవారు. 1910 మే 20వ తేదీ వాతావరణ వివరాలు తీసుకొని, జర్మనీలో మ్యూనిక్ దగ్గర 6 గంటల తర్వాత పీడనం ఎలా మారుతుందో లెక్కించారు. 1917లో షాంపేన్ యుద్ధ సమయంలో ఆ రాతప్రతి పోయింది. కొన్ని నెలల తర్వాత బెల్జియంలో ఒక బొగ్గు కుప్ప కింద దొరికింది.

లెక్క ఫలితం ఏమైంది? ఘోరంగా తప్పింది. 6 గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని వచ్చింది. పెద్ద తుపానుల్లో కూడా అంత మార్పు రాదు. నిజానికి ఆ రోజు అక్కడ పీడనం దాదాపు నిలకడగానే ఉంది. మరొకరైతే ఆ కాగితాలు చించేసేవారు. రిచర్డ్‌సన్ మాత్రం 1922లో అచ్చయిన తన పుస్తకంలో పద్ధతినీ, తప్పిన ఫలితాన్నీ దాచకుండా పూర్తిగా ప్రచురించారు. గాలికి సంబంధించిన తొలి వివరాల్లోని దోషాలే కారణమని తన అభిప్రాయం రాశారు. ఆ అభిప్రాయం సరైనదే. ఐర్లండ్ శాస్త్రవేత్త పీటర్ లించ్ చాలాకాలం తర్వాత అవే వివరాలను ముందుగా సరిదిద్ది, అదే పద్ధతిలో లెక్క వేస్తే జవాబు సబబుగా వచ్చింది.

అదే పుస్తకంలో ఆయన ఒక ఊహ కూడా చేశారు. ఒక పెద్ద గుండ్రటి మందిరం, గోడల నిండా ప్రపంచ పటం, 64,000 మంది మనుషులు తమ తమ ప్రాంతానికి లెక్కలు వేస్తుంటారు. నడుమ ఎత్తైన వేదిక మీద ఒక అధికారి నిలబడి, ముందుకు పోతున్నవారి మీద గులాబీ రంగు దీపం, వెనుకబడ్డవారి మీద నీలం రంగు దీపం వేసి అందరినీ ఒక జోరులో నడుపుతుంటాడు. కంప్యూటరు పుట్టకముందే కంప్యూటరు చేయాల్సిన పనిని ఆయన మనుషులతో ఊహించారు. 1950లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటరు మీద జూల్ చార్నీ బృందం తొలి వాతావరణ లెక్కలు వేసి ఫలితాలు ఆయనకు పంపినప్పుడు, ఆ వృద్ధుడు సంతోషించి అభినందించారు.

ఈ లెక్క మనకు దూరపు సంగతి కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, రోజుల ముందే హెచ్చరికలు వచ్చి లక్షలాది మందిని తరలించారు. ప్రాణనష్టం అంతకు ఎన్నో రెట్లు తక్కువ. ఉపగ్రహాలతో, రాడార్లతో పాటు ఈ హెచ్చరికల వెనుక గళ్ల పద్ధతి లెక్కలు కూడా ఉన్నాయి.

చెదిరిపోవడానికి ఒక సూత్రం

వాతావరణం లెక్క వేయడానికి పెద్ద అడ్డంకి సుడులు. పెద్ద సుడిలో చిన్న సుడి, ఆ చిన్న సుడిలో ఇంకా చిన్నది, ఇలా శక్తి పెద్ద సుడుల నుంచి చిన్న సుడులకు దిగుతూ చివరికి వేడిగా మారిపోతుంది. ఈ సంగతిని రిచర్డ్‌సన్ ఒక చిన్న హాస్య పద్యంగా కూడా కట్టారు. శాస్త్రవేత్తలు ఇప్పటికీ దాన్ని అప్పజెబుతుంటారు.

గాలిలో కలిసిన పొగ, బూడిద, గింజలు ఎంత త్వరగా విడిపోతాయన్నది ఆయన తర్వాత ప్రశ్న. 1926లో జవాబు ప్రచురించారు. పక్కపక్కన ఉన్న రెండు కణాలను చిన్న సుడులు మాత్రమే విడదీయగలవు. పెద్ద సుడి వస్తే రెండింటినీ కలిపి మోసుకుపోతుంది తప్ప విడదీయదు. కాస్త దూరం పెరిగాక ఇంకాస్త పెద్ద సుడులు కూడా వాటిని విడదీసే పనిలో చేరతాయి. కాబట్టి దూరం పెరిగేకొద్దీ విడిపోయే వేగమూ పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? దూరం 4/3వ ఘాతానికి అనులోమంగా విసరణ గుణకం పెరుగుతుందని ఆయన తేల్చారు. అంటే దూరం 8 రెట్లయితే విసరణ గుణకం 16 రెట్లవుతుంది. 1941లో రష్యా గణిత శాస్త్రవేత్త కొల్మొగోరోవ్ ప్రతిపాదించిన సిద్ధాంతానికి కూడా ఇది సరిపోయింది. రాయల్ సొసైటీ 1926లోనే రిచర్డ్‌సన్‌ను సభ్యునిగా ఎన్నుకుంది.

శాస్త్రాన్ని పక్కన పెట్టిన రోజు

ఇక్కడే ఆయన జీవితంలో అసలు పరీక్ష ఎదురైంది. యుద్ధం అయ్యాక ఆయన మళ్లీ వాతావరణ శాఖలో చేరారు. 1920లో ఆ శాఖను వైమానిక దళాన్ని నడిపే మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చారు. సైన్యంతో ముడిపడిన చోట పనిచేయలేనని రాజీనామా ఇచ్చి, లండనులో వెస్ట్‌మిన్‌స్టర్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో భౌతిక శాస్త్రం బోధించడానికి వెళ్లిపోయారు.

అయినా పరిశోధన మానలేదు. తన సొంత వేళల్లో గాలి సుడుల మీద పని సాగించారు. కానీ గాలిలో వస్తువులు ఎలా చెదురుతాయన్న పరిశోధన పట్ల ఎక్కువ ఆసక్తి చూపుతున్నది ఎవరో కొంతకాలానికి ఆయనకు తెలిసింది. వారు విషవాయువుల నిపుణులు. మొదటి యుద్ధంలో విషవాయువుకు గురైన సైనికులు ఎలా ఉంటారో అంబులెన్సు నడిపిన మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు. భార్య డొరొతీ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, ఆయన ఎంతో బాధతో ఆ పరిశోధన ఆపేసి, అప్పటికి ప్రచురించని కాగితాలు నాశనం చేశారు.

మిత్రులారా! దీన్ని మేము రెండు మూడుసార్లు చదువుకున్నాం, మాలో మేము వాదించుకున్నాం. సూత్రం ఎవరి చేతిలో పడినా సూత్రమే కదా, ఆయన మానేస్తే మరొకరు కనిపెట్టరా అని మాలో కొందరు అన్నారు. అది నిజం కావచ్చు. కానీ తన చేతి లెక్క ఎవరి ప్రాణం తీయడానికి పోతుందో తెలిశాక కూడా, నాకేం సంబంధం అనుకోలేని మనిషి ఆయన. అందుకు మూల్యం కూడా చెల్లించారు. అప్పటికి ఆయన ఆ రంగంలో ముందు వరుసలో ఉన్నారు. ఆ తర్వాత ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్య పదవి చేపట్టలేదు. 1929 నుంచి 1940 వరకు స్కాట్లండులోని పెయిస్లీ సాంకేతిక కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు.

యుద్ధాల లెక్క – సరిహద్దుల కొలత

గాలిని వదిలి ఆయన మనుషుల వైపు తిరిగారు. దేశాలు ఎందుకు యుద్ధం చేస్తాయన్నది ఆయన కొత్త ప్రశ్న. దానికోసం మనస్తత్వ శాస్త్రం చదివి 1929లో, అంటే 47 ఏళ్ల వయసులో, లండన్ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ తీసుకున్నారు. 1940లో ఉద్యోగం ముందుగానే విడిచిపెట్టి పూర్తికాలం ఇదే పనిలో పడ్డారు. ఒక దేశం ఆయుధాలు పెంచితే పక్క దేశం భయపడి పెంచుతుంది, దాన్ని చూసి మొదటి దేశం మళ్లీ పెంచుతుంది. దీన్ని సమీకరణాలుగా రాశారు. 1820 నుంచి జరిగిన యుద్ధాలన్నింటినీ చనిపోయినవారి సంఖ్యను బట్టి వర్గీకరించి పట్టికలు కట్టారు.

ఎక్కువ సరిహద్దులున్న దేశాలు ఎక్కువ యుద్ధాల్లో చిక్కుకుంటాయా అని చూడబోయి, ఆయన సరిహద్దుల పొడవులు సేకరించారు. అక్కడ ఒక వింత కనిపించింది. స్పెయిన్, పోర్చుగల్ మధ్య సరిహద్దు ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, మరొక లెక్కలో 1,214 కిలోమీటర్లు. నెదర్లాండ్స్, బెల్జియం మధ్య ఒకచోట 380, మరొకచోట 449. ఎవరూ అబద్ధం చెప్పలేదు. వంకరటింకర గీతను పొడవైన కొలకర్రతో కొలిస్తే చిన్న వంపులు లెక్కలోకి రావు. కొలకర్ర చిన్నదైనకొద్దీ వంపుల్లోని వంపులు కూడా లెక్కకొచ్చి పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదల ఒక క్రమంలో ఉంటుందని, నునుపైన తీరానికి తక్కువగా, బ్రిటన్ పడమటి తీరం వంటి దానికి ఎక్కువగా ఉంటుందని ఆయన గ్రాఫు గీసి చూపారు. ఈ వ్యాసం ఆయన మరణానంతరం 1961లో అచ్చయింది. గణిత శాస్త్రవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో దాన్ని ఆధారం చేసుకొని ప్రసిద్ధ వ్యాసం రాశారు. 1975లో అలాంటి ఆకారాలకు ఫ్రాక్టల్ అని పేరు పెట్టారు. ఎంత దగ్గరగా చూసినా పెద్ద ఆకారంలాంటిదే చిన్నదిగా మళ్లీ కనిపించడం వాటి లక్షణం.

నీటి మీద దుంప ముక్కలు

చివరి పదేళ్లు రిచర్డ్‌సన్ స్కాట్లండు పడమటి తీరంలోని కిల్మన్ అనే చిన్న ఊళ్లో గడిపారు. అమెరికా నుంచి హెన్రీ స్టామెల్ అనే యువ సముద్ర శాస్త్రవేత్త ఆయన్ను చూడవచ్చారు. డాక్టరేటు లేకుండానే గొప్ప సముద్ర శాస్త్రవేత్తగా పేరు పొందిన వ్యక్తి స్టామెల్. గాలికి కట్టిన 4/3 సూత్రం సముద్రపు నీటికి కూడా వర్తిస్తుందా అని ఇద్దరూ చూడదలిచారు. ఖరీదైన పరికరాలేవీ లేవు. పార్స్‌నిప్ అనే దుంప తెచ్చారు. అది చూడటానికి తెల్లని క్యారెట్‌లా ఉంటుంది. ముక్కలు తెల్లగా ఉండి దూరానికి కూడా కనిపిస్తాయి, దాదాపు పూర్తిగా మునిగి తేలతాయి కాబట్టి పైగాలి వాటిని నెట్టదు. లాక్ లాంగ్ అనే సముద్రపు పాయలో రేవుకట్ట మీద నుంచి రెండేసి ముక్కలు వేసి, వాటి మధ్య దూరం ఎలా మారుతోందో సొంతంగా తయారుచేసుకున్న సాధనంతో కొలిచారు. 1948లో ఫలితం ప్రచురించారు. నీటిలో కూడా దాదాపు అదే సూత్రం నిలిచింది.

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావచ్చు. తేలే వస్తువులు విడిపోతాయని ఆయన అన్నారు గదా, మరి చెరువులో, కాలువ మలుపుల్లో నురగ, ఎండుటాకులు, పొట్టు తీగలు తీగలుగా ఒకచోట చేరడం మనం రోజూ చూస్తున్నాం కదా అని. రెండూ నిజమే. నీరు కిందినుంచి పైకి పొంగే చోట ఉపరితలం నలువైపులా పరుచుకుంటుంది, అక్కడ తేలే ముక్కలు దూరంగా నెట్టబడతాయి. నీరు కిందికి దిగే చోట చుట్టుపక్కల నీరు వచ్చి లోపలికి పోతుంది, కానీ తేలే ముక్క మునగలేదు గనుక అక్కడే ఆగిపోతుంది. అలా ముక్కలన్నీ నీరు దిగే గీతల వెంట చేరతాయి. సుడులు ఆ గీతలను సాగదీసి, మడతపెట్టి, మళ్లీ సాగదీస్తాయి. దాంతో ఒక తీగను దగ్గరగా చూస్తే అందులో సన్నని తీగలు, వాటిలో ఇంకా సన్నని తీగలు కనిపిస్తాయి. అంటే నీటి మీద తేలే ముక్కలు గీసే బొమ్మ కూడా ఫ్రాక్టలే. అది ఒట్టి గీత కాదు, నిండిన తలమూ కాదు, రెండింటికీ నడుమ ఉంటుంది. 1993లో అమెరికా శాస్త్రవేత్తలు జాన్ సామరర్, ఎడ్వర్డ్ ఆట్ ప్రయోగంతో దీన్ని నిరూపించారు. సముద్రంలో ఒలికిన చమురు, ప్లాస్టిక్ చెత్త, నాచు ఎక్కడ పోగవుతాయో తెలుసుకోవడానికి ఈ అవగాహన పనికొస్తుంది.

ఈ తీగల లెక్క రిచర్డ్‌సన్ వేయలేదు. అప్పటికి ఫ్రాక్టల్ అన్న మాటే లేదు. కానీ ఆ లెక్కకు కావలసిన రెండు కొసలూ, అంటే సుడుల్లో తేలే ముక్కలూ, వంకరగీతల కొలతా, ఆయన బల్ల మీదే ఉన్నాయి. యుద్ధాలను ఆపే దారి వెతుకుతూ సరిహద్దులు కొలిస్తే, అది దశాబ్దాల తర్వాత నీటి మీది నురగను అర్థం చేసుకోవడానికి అక్కరకొచ్చింది.

ముగింపు

1953 సెప్టెంబరు 30న కిల్మన్‌లోనే రిచర్డ్‌సన్ కన్నుమూశారు. యుద్ధాల మీద ఆయన రాసిన రెండు పెద్ద పుస్తకాలు 1960లో గాని అచ్చు పుస్తకాలుగా వెలువడలేదు. బ్రతికుండగా చూసుకోలేకపోయిన ఆ పుస్తకాలు నేడు శాంతి అధ్యయనాలకు పునాదిగా ఉన్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ల్యాబు లేదు, పరికరాలు లేవు అని మనం తరచుగా బాధపడుతుంటాం. ఆ బాధ న్యాయమైనదే, అడగాల్సిన చోట గట్టిగా అడగాల్సిందే. అడుగుతూనే, ఈలతో, గొడుగుతో, దుంప ముక్కలతో పనిచేసిన ఈ మనిషిని కూడా గుర్తుంచుకుందాం. లెక్క తప్పితే దాచకుండా చూపిద్దాం. రేపు మనలో ఎవరైనా ఇంజినీరో, శాస్త్రవేత్తో, అధికారో అయిన రోజున, మన పని ఎవరి మేలుకు పోతోందో, ఎవరి కీడుకు పోతోందో అడిగే అలవాటు మాత్రం ఈ హాస్టల్‌లో ఉన్నప్పుడే నేర్చుకుందాం. పూర్వ విద్యార్థులైన అన్నలూ, అక్కలూ ఈ విషయంలో తమ అనుభవాలు వచ్చే సంచికకు రాసి పంపాలని మా మనవి.